ఏడు నిమిషాల పరిశుద్ధ యాత్ర

పరిశుద్ధ స్థలంలో ఏ మనిషీ ఏడు నిమిషాలకు మించి నిలబడకూడదు. భక్తికి మంచిది కాదు, మోకాళ్లకు అసలే మంచిది కాదు. నవ్వకండి. మా చర్చి సంఘంతో కలిసి పది రోజుల టూరు చేసొచ్చిన అనుభవంతో చెబుతున్నాను.

ఒంటరిగా వెళ్లేవాళ్లను చూడండి, పాపం! ఏదో రాయి మీద కూర్చుంటారు. కొండకేసి చూస్తారు. చూసినకొద్దీ పాత తప్పులన్నీ గుర్తొస్తాయి, కళ్లు చెమ్మగిల్లుతాయి. సెలవు పెట్టుకుని అంత దూరం వెళ్లింది ఏడవడానికా? మా నలభై ఒక్కరిలో ఒక్కరికీ ఆ ప్రమాదం రాకుండా కాపాడింది మా సంఘ కార్యదర్శి. ఆయన మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతుంది కాబట్టి అందరం విజిల్‌గారు అంటాం.

ఏడు నిమిషాల్లో రెండు బస్సు దిగడానికి. ఒకటి ప్రార్థనకు. మూడు బ్యానర్‌తో ఫొటోకు. మిగిలిన ఒకటి పరుగున బస్సెక్కడానికి. మరి చూడటానికో అంటారా? ఫొటో ఉందిగా, ఇంటికొచ్చి చూసుకోవచ్చు!

ఆ బ్యానర్ గురించి చెప్పాలి. పన్నెండడుగుల పొడవు. సంఘం పేరు, పాస్టరు అయ్యగారి ఫొటో, అమ్మగారి ఫొటో, అటొకటి ఇటొకటి పావురాలు. దాన్ని విప్పి పట్టుకున్నామంటే వెనకున్న కొండగానీ గుడిగానీ సమాధిగానీ మాయం. ఇప్పుడు ఆల్బమ్ తిరగేస్తే ప్రతి ఫొటోలోనూ మేమున్నాం, పావురాలున్నాయి. వెనకున్నది ప్రవక్త ఎక్కిన కొండో, మా చర్చి వెనక సైకిల్ షెడ్డో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఇక విజిల్‌గారి లెక్క. మనిషికో నంబరు. బస్సెక్కగానే ఒకటి నుంచి నలభై ఒకటి దాకా ఎవరి నంబరు వాళ్లు చెప్పాలి. మొదటి రోజు బడిపిల్లల్లా అరిచాం. మూడో రోజుకల్లా ముప్పై మూడో నంబరాయన నిద్రపోతుంటే, పక్కనే ముప్పై రెండో నంబరైన ఆయన భార్య రెండు నంబర్లూ తనే చెప్పేసేది. పదకొండు నోట్లో బిస్కట్ ఉంటే పన్నెండు ఆదుకునేవాడు. ఒకరి భారం ఒకరు మోయడమంటే ఇదే కదా?

మా పెద్దక్కది ఇరవై ఏడు. పక్క సీట్లో నాది ఇరవై ఎనిమిది.

ఏడు నిమిషాల గొప్పతనం బుర్రకెక్కనిది మొత్తం బస్సులో మా అక్క ఒక్కతే. ముప్పై ఒక్కేళ్లుగా సండేస్కూల్లో పాఠాలు చెబుతున్న మనిషి. ఏటా ప్రభువు పడవలోంచి తుఫానును అణచిన పాఠం వస్తుంది. ఏటా నల్లబల్ల మీద నీలం సుద్దతో అలలు గీసి, పైన పడవ బొమ్మ వేస్తుంది. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి అడుగుతుంది: "టీచర్, వాక్యంలో సముద్రం అని ఉంది, మా బడి పుస్తకంలో సరస్సు అని ఉంది. మరి ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయా, ఉండవా?"

పుస్తకం చూసి చెప్పేస్తే పోయేదానికి, అక్క చెప్పదు. "నేను రుచి చూడని నీళ్ల గురించి ఎలా చెప్పనమ్మా? వెళ్లినప్పుడు చూసొచ్చి చెబుతాలే" అంటుంది. అప్పుడు అడిగిన పిల్లల పిల్లలు ఇప్పుడు అదే బెంచీ మీద కూర్చుని అదే ప్రశ్న అడుగుతున్నారు.

అందుకే బయల్దేరిన దగ్గర్నుంచీ ఆమెది ఒకటే పాట. "నాకు కొండలొద్దు, గుళ్లొద్దురా. ఆ ఒడ్డున కాసేపు కూర్చోనిస్తే చాలు."

ఆరో రోజు ఆ సరస్సు వచ్చింది. ప్రార్థన అయింది, ఫొటో అయింది. "టీచరమ్మగారూ, మీరైతే జాగ్రత్తగా మడతపెడతారు" అంటూ బ్యానర్ అక్క చేతికిచ్చారు. పన్నెండడుగుల గుడ్డ మడిచేసరికి ఏడో నిమిషం రానే వచ్చింది. అక్క బస్సుకేసి చూసింది, నీళ్లకేసి చూసింది. నీళ్లవైపు నాలుగడుగులు వేసింది. ఇటు విజిల్ మోగింది.

బస్సులో లెక్క. ఇరవై అయిదు. ఇరవై ఆరు. చిన్న ఖాళీ. ప్రేమగల సహోదరుడెవరో వెంటనే ఆ ఖాళీ పూరించాడు. నలభై ఒకటీ సరిపోయాయి, బస్సు కదిలింది.

దారిలో అయ్యగారు మైకు అందుకున్నారు. ఆ రోజు వాక్యం తప్పిపోయిన గొర్రె. మందనంతా వదిలి ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరి గురించి ఆయన ఎంత బాగా చెప్పారంటే, సగం బస్సు కళ్లు తుడుచుకుంది. నేనూ రెండుసార్లు ఆమెన్ అన్నాను, ఫోన్లోంచి తలెత్తకుండా.

ముప్పావు గంటకు ఇంకో స్థలం. దిగి వరసలో నిలబడ్డాం. బ్యానర్ లేదు! విజిల్‌గారి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"బ్యానర్ ఎవరి దగ్గరుంది?"

"టీచరమ్మ దగ్గర" అన్నారెవరో.

"టీచరమ్మ ఎక్కడ?"

అప్పుడు చూశాను నా పక్కకి.

"బస్సు తిప్పండి" అన్నారు విజిల్‌గారు. "ఇంకా నాలుగు రోజుల ఫొటోలున్నాయి. బ్యానర్ లేకుండా ఎలా?"

మేం వెళ్లేసరికి అక్క నీళ్లంచున రాతి మీద కూర్చుని ఉంది. చెప్పులు పక్కన, పాదాలు నీళ్లలో. మొదటి పావుగంట గుండె జారిపోయిందట. తర్వాతి పావుగంట మమ్మల్నందర్నీ మనసారా తిట్టుకుందట. తిట్లు అయిపోయాక తెలిసిందట, ఇక విజిల్ వేసేవాళ్లు లేరని. అప్పుడు వంగి దోసిలి పట్టిందట. మొత్తం గంటన్నర! మా నలభై మంది చూపులన్నీ కలిపినా అంతసేపు లేదు. నియమాన్ని ఇంత బాహాటంగా మీరిన మనిషి మొహం అంత ప్రశాంతంగా ఉండటం నాకు నచ్చలేదు.

విజిల్‌గారు ఆయాసపడుతూ పరుగెత్తారు. "అమ్మా, బ్యానర్ భద్రమేనా?"

"భద్రమేనండీ. రాయి చల్లగా ఉంటే కింద వేసుకున్నాను." అక్క లేచి, అయ్యగారి మొహం మీద ముడతలు సాపుచేసి అందించింది. "నేను లేనని తెలియలేదా? లెక్కపెట్టలేదా?"

"ఎందుకు పెట్టలేదమ్మా? నలభై ఒకటీ సరిపోయాయి."

అక్క నెమ్మదిగా తల తిప్పి నా వైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నీళ్లు ఎలా ఉన్నాయక్కా?" అన్నాను మాట మార్చడానికి.

"పిల్లలకు చెబుతాలే" అంది.

బస్సెక్కాం. లెక్క మొదలైంది. ఇరవై అయిదు. ఇరవై ఆరు. ఖాళీ. అక్క ఒళ్లో చేతులు పెట్టుకుని కిటికీలోంచి నీళ్లు చూస్తోంది. "ఇరవై ఏడు?" అన్నారు విజిల్‌గారు. కాసేపాగి మళ్లీ అన్నారు. బస్సంతా మా సీటుకేసే చూస్తోంది.

"నువ్వే చెప్పరా తమ్ముడూ" అంది అక్క, తల తిప్పకుండానే. "నీకు అలవాటేగా."