గౌరి గంట, మేకు

బిరబిరా రాయొద్దు జాహ్నవమ్మా, నేను మెల్లగా చెప్తా. మీ యక్క భార్గవి మళ్లా పూనాకు పనికి పోయే ముందర అరుగు మీద కూసోని చెప్పింది గదా?

"యాడనో రెండు నల్ల నచ్చత్రాలు గుద్దుకుంటే ఆకాశమే వణుకుతాది తాతా. దాన్ని పట్టే మా మిషను లారీ పోయినా, గాలి తోలినా గూడా వణుకుతాది. పెద్ద నచ్చత్రాల వణుకు ముందే దొరికింది గానీ, మేము ఎతికే బుడ్డవాటిది ఇంగా ఎవురికీ దొరకలా. అందుకే ఆ వణుకు ఎట్లుంటాదో ముందే లెక్కేసుకోని, ఆ రొదలో దాన్ని ఎతుకుతాం."

"మందలో మన ఆవు గౌరి గంటను నేను పట్టినట్ల!" అంటి.

"అదే తాతా!" అని ఎగిరె.

ఇంగ నన్ను పట్టేదెవురు? చౌడేపల్లె టీ అంగట్లో రోజూ అదే చెప్తి. పక్క తోట సుబ్బరాయుడు మాత్రం, "మీ పిల్ల మూడేండ్లుగా ఇంటాందంట గదప్పా, ఒగటన్నా ఇనపడిందా?" అనె. ముల్లు మాదిరి గుచ్చుకునె.

మొన్న పొద్దున గౌరిని పశువుల డాక్టరుకు సూపిద్దామని కొట్టంలోకి పోతే ఆవు లేదు. నిండు సూలుది. నా కేకకు వచ్చిన జనం తలా ఒగ దిక్కు పరిగెత్తబోయిరి.

"నిలబడండి! నా మనవరాలి లెక్కతోనే పట్టిస్తా," అని కండ్లు మూసుకుంటి. గణగణమని వచ్చె. "అదే మన గంట!"

సుబ్బరాయుడి టమోటా తోటలో అడ్డంబడి పోతి. నా ఎనక పదిమంది. కట్టెలు, తీగెలు అన్నీ పడిపాయె. పోయి గంట మోగే ఆవు పలుపు పట్టుకుంటి.

"అప్పా, ఇది నల్లావు. గౌరి ఎర్రది గదా," అనె ఒగాయన.

"రంగు సూసి మోసపోవద్దు, గంట ఇను!"

సుబ్బరాయుడి పెండ్లాం కౌసల్య కసువూడ్చే పరక ఎత్తుకోని వచ్చె. "మా తోట తొక్కి, మా ఆవునే తోల్కపోతాండావా దొరస్వామన్నా?"

అంతలో మీ అవ్వ మునెమ్మ వచ్చి, "గౌరి గడ్డివామి ఎనక ఈనింది. పెయ్యదూడ," అనె.

"మరి గంట?"

"సూలుదానికి బరువని నిన్ననే ఇప్పి మేకుకు తగిలించినా. నన్నెవురు అడిగిరి?"

భార్గవి చెప్పిన ఇంగో మాట అప్పుడు గ్యాపకం వచ్చె. ఒగ మిషను ఇన్నింది నమ్మరంట, దూరంగా ఉండే ఇంగొగ మిషనుకూ ఇనపడాలంట. ఆ రెండో మిషను నలభై ఏండ్లుగా నా ఇంట్లోనే ఉండాది.

సుబ్బరాయుడు నగె. "ఇదేనా మీ పిల్ల సదువు?"

"ఇనపడీ పడకముందే పలుపు పట్టింది నేనురా," అంటి. "ఆ యమ్మి మూడేండ్లు ఇని గూడా, ఇనపడిందని ఒగ అబద్దం చెప్పలా. అదీ సదువంటే."

రెండు దినాలుగా వాడి తోటలో కట్టెలు నాటతాండా, అయినా తల ఎత్తుకోనే నాటతాండా.

ఆదివారం భార్గవి ఫోను చేస్తే ఇదంతా సదివి ఇనిపించమ్మా. తొందర పడొద్దు, ఎన్నేండ్లయినా ఇనమను. ఇనపడిన దినం మాత్రం, ముందు మేకు ఒగసారి సూసుకోమను.