సీసాడు దూడ మూత్రం

శనివారం ఎనిమిదికి పెయ్యదూడ మూత్రం పట్టాలి, పదికి దాన్ని పశువుల పోటీకి తోలాలి. ఫ్రీస్‌లాండ్ రైతు వోబె వేసుకున్న లెక్క అంతే. చనిపోయిన భార్య యాప్కె పెంచిన ఆవుకు పుట్టిన ఆఖరి పెయ్య అది. ఆ సంతతి ఊరి పోటీలో ఏ ఏడూ ఓడలేదు. ఈసారి ఎదురు నిలిచేది పొరుగింటి హాయె దూడ ఒక్కటే.

పెయ్యకు విరేచనాల మందు ఆపి పన్నెండు రోజులైంది. మూత్రంలో మందు ఛాయ కనబడినా పోటీకి రానివ్వరు.

"మందు దేంట్లో కలిపి పట్టారు?" పశువుల డాక్టరు ఫ్రౌక్యె అడిగింది.

"పాలల్లో."

"నీళ్లల్లో అని రాసిచ్చాను కదండీ. పాలల్లో కలిపితే సగం ఒంటికే పట్టదు. పట్టిందేమో పసిదాని ఒంట్లోంచి ఓ పట్టాన పోదు. ఈపాటికి పోయే ఉంటుంది లెండి."

పెయ్య మాత్రం ఉచ్చ పోయలేదు. బకెట్టు నీళ్లు తాగింది, పోయలేదు.

"నీళ్ల చప్పుడు వింటే మా ఆయన ఆగలేడు," అంటూ యాప్కె అక్క చిట్స్కె కుళాయి తిప్పింది. పిడి ఊడి చేతికొచ్చింది. కొట్టం మడుగైంది. డాక్టరు బూట్లు నిండాయి.

"నీ కొట్టంలో బిగువుగా ఉండేది నీ మూతి ఒక్కటే, వోబె."

"నువ్వు తిప్పకుండా ఉండాల్సింది, వదినా."

పొడి మేజోళ్ల కోసం ఆడవాళ్లిద్దరూ ఇంట్లోకి వెళ్లారు. తొమ్మిదిన్నరైంది. దడి అవతల కోడెదూడ ధారగా పోస్తోంది. వోబె సీసా దాని కింద పెట్టాడు.

డాక్టరు తిరిగొచ్చి సీసాలో పరీక్ష కాగితం ముంచింది.

"మందుంది."

"ఉండదు."

"అదీ నేనిచ్చిన మందు కాదు. పొదుగు వాపు మందు. పాలు తాగే పెయ్యకు పొదుగు వాపేమిటండీ?"

పొదుగు వాపుకు మందేసిన ఇంకో ఆవు పాలు వారం పాటు పారబోయమన్నారు. వోబెకు పారబోయడం చేతకాదు. అవన్నీ కోడెదూడే తాగింది.

అప్పుడు పెయ్య తోకెత్తి, తీరిగ్గా పోసింది.

"ఈ సీసాలోది ఎవరిదో చెబితే ఇంకో సీసా ఇస్తాను, పెయ్యకు మచ్చ పోవచ్చు," అంది డాక్టరు. "కానీ జరిగింది రాయాలి. మోసమంటే మీకు మూడేళ్లు పోటీల నుంచి వెలి."

"యాప్కె అయితే నిజం చెప్పేది," అంది వదిన.

"యాప్కె అయితే పాలు పారబోసేది." వోబె పెయ్య వైపు చూడలేదు. "మందుందనే రాసుకోండి, డాక్టరమ్మా."

పోటీలో హాయె దూడ ఒంటరిగా నిలబడింది. మొదటి బహుమతి ఎవరికివ్వాలో తేల్చడానికి న్యాయనిర్ణేతలకు అరగంట పట్టింది.