మళ్లీ మళ్లీ వచ్చే ఆగంతకుడు

“అక్కా, ఇంక నువ్వు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపో. కేసు నా చేతికొచ్చింది. ఈ ఊళ్లో దొంగలు నా పేరు వింటే అన్నం మానేసే రోజు ఎంతో దూరంలో లేదు.”

ఈ మాటలన్నది డేగకన్ను. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, తనకి తానే తగిలించుకున్నది. విజిటింగ్ కార్డుల మీద కూడా అదే అచ్చేయించుకున్నాడు. కింద చిన్న అక్షరాల్లో ‘ప్రైవేట్ డిటెక్టివ్. వెబ్‌సైట్లు కూడా చేయబడును’ అని ఉంటుంది. ఇప్పటిదాకా ఆయనగారు ఛేదించిన కేసు ఒక్కటే, పక్కింటివాళ్ల గొడుగు పోయిన కేసు. గొడుగు దొరికింది, ఆయన చేతిలోనే దొరికింది. వానరోజు పొరపాటున పట్టుకొచ్చి, అదే గొడుగు వేసుకుని దొంగ కోసం వీధులన్నీ గాలించాడు.

అక్క తలెత్తలేదు. ఎవరిదో పాత మిషన్ విప్పి, లోపల పేరుకున్న దూదిని బ్రష్షుతో దులుపుతోంది.

“ఏ కేసురా?”

“నీ వెబ్‌సైట్ మీద ఎవరో కన్నేశారు.”

“కన్నేస్తే మంచిదేగా. ఇన్నాళ్లూ ఎవరూ వెయ్యట్లేదనేగా నా ఏడుపు.”

ఆవిడది కుట్టుమిషన్ల దుకాణం. కొత్తవి అమ్ముతుంది, పాతవి బాగుచేస్తుంది. ఎదురుగా మిషన్లూ బట్టలూ అమ్మే అద్దాల షోరూం తెరిచినప్పటి నుంచి గిరాకీ పలచబడిపోయింది. షోరూంలో మిషన్లు తళతళలాడతాయి. పాడైతే మాత్రం ‘ఇంకోటి కొనుక్కోండి’ అంటారు. అయినా జనం తళుకు వైపే నడుస్తారు. ‘ఈ ఏడాది చూద్దాం, కుదరకపోతే షట్టర్ దించేద్దాంలే’ అని బావ నెమ్మదిగానే అన్నాడు. అరిచి ఉంటే ఆవిడ కూడా అరిచి ఊరుకునేది. నెమ్మదిగా అన్నాడు కాబట్టి ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఆ బాధలో ఓ రోజు ‘దుకాణానికి వెబ్‌సైట్ ఉంటే నయమేమో’ అని పైకి అనేసింది. తమ్ముడు పక్కనే ఉన్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికింది.

అతను కట్టిన వెబ్‌సైట్ తెరవగానే నల్లటి తెర పడుతుంది. కిర్రుమని తలుపు చప్పుడు. తర్వాత ఎవరో బూట్లతో నడుస్తున్న శబ్దం. తెర మీద ‘మీరెవరు? నిజం చెప్పండి’ అని ఎర్రటి అక్షరాలు. పేరు, ఫోన్ నంబరు, పుట్టినరోజు చెబితేగానీ తెర లేవదు. లేచాక దారపుండ ఒకటి గిరగిరా తిరుగుతూ కనబడుతుంది. ఎంతసేపు చూసినా తిరుగుతూనే ఉంటుంది. విసుగొచ్చి వెళ్లిపోబోతే ‘తప్పించుకోలేరు’ అని ఇంకో పలకరింపు.

“మిషన్లేవిరా ఇందులో?” అని అడిగింది అక్క, మొదటిసారి చూసినప్పుడు.

“లోపలున్నాయి.”

“మన అడ్రసు?”

“అదే కిటుకు. వీధి పేరు ఒక పేజీలో, షాపు నంబరు ఇంకో పేజీలో, ఫోను మరో పేజీలో దాచాను. వచ్చినవాడు మళ్లీ మళ్లీ రావాలంటే సస్పెన్స్ ఉండాలక్కా. అన్నీ మొదటి పేజీలోనే చెప్పేస్తే రెండోసారి దేనికొస్తాడు?”

ఆవిడకి ఒళ్లు మండింది. కానీ కంప్యూటర్ సంగతులు తనకి తెలియవు, కాస్తో కూస్తో తెలిసినవాడు వీడొక్కడే. సరే కానిమ్మంది. ఒక్కటి మాత్రం పట్టుబట్టి పెట్టించింది. రోజూ దుకాణానికొచ్చి అందరూ అడిగే ప్రశ్నకి జవాబు తనే మామూలు మాటల్లో రాసిచ్చింది. ‘దారం ఎందుకు తెగుతోంది?’ అని దానికి పేరు. డేగకన్ను మూతి ముడిచి, ఆ పేజీని ఓ మూల పడేశాడు. దానికి తెర లేదు, తలుపు చప్పుడు లేదు, దారపుండ లేదు. అంత చప్పటి పేజీకి తన కళని ఖర్చుపెట్టడం అతనికి ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు కేసంతా ఆ పేజీ దగ్గరే మొదలైంది.

“వెబ్‌సైట్‌కి ఎవరొస్తున్నారో నాకు తెలుస్తుంది కదా,” అన్నాడు డేగకన్ను గొంతు తగ్గించి. దుకాణంలో వాళ్లిద్దరు తప్ప ఎవరూ లేరు. “మామూలు జనం తెర చూడగానే పారిపోతున్నారు. అది సహజం, నా తెర అలాంటిది. కానీ ఒక్కడు మాత్రం రోజూ వస్తున్నాడు. తిన్నగా నీ పేజీకే వస్తాడు. గంటలతరబడి ఉంటాడు. ఏదీ కొనడు, ఏదీ అడగడు. మళ్లీ మర్నాడు తయారు. దీన్నిబట్టి నీకేం అర్థమైంది?”

“వాడి దారం తెగుతోందని.”

“అమాయకురాలివక్కా. వాడు ఎదురు షోరూం గూఢచారి. నీ విద్యంతా కాపీ కొడుతున్నాడు. నేరస్తుడు ఎంత తెలివైనవాడైనా ఎక్కడో ఓ దారం వదిలేస్తాడు. ఆ దారం పట్టుకుని లాగుతాను, డొంకంతా కదులుతుంది.”

“దారం లాగితే తెగుతుందిరా. అదే రాశాను అందులో.”

వినిపించుకుంటే వాడు డేగకన్ను ఎందుకవుతాడు? మర్నాడు పొద్దున్నే మోకాళ్లు దాటిన కోటు, అతికించిన గడ్డంతో షోరూం ఎదుట నిలబడ్డాడు. మారువేషం ఎంత గొప్పగా కుదిరిందంటే, షోరూం వాచ్‌మన్ “ఏం సార్, గడ్డం పెట్టుకున్నారు, అక్కగారు బాగున్నారా?” అని పలకరించాడు.

“నన్ను గుర్తుపట్టావంటే నువ్వు కూడా ముఠాలోనివాడివే,” అని డేగకన్ను ఫోన్లో వాచ్‌మన్ ఫొటో తీసుకున్నాడు. వాచ్‌మన్ నవ్వుతూ నిలబడ్డాడు.

అంతలో షోరూంలోంచి ఓ మనిషి పెద్ద బట్ట చుట్ట భుజాన వేసుకుని బయటికొచ్చాడు. డేగకన్నుగారి డేగకన్ను మెరిసింది. అంత లావు చుట్టలో బట్టే ఉంటుందని నమ్మేంత వెర్రివాడు కాడు. వెంటపడ్డాడు. ఆ మనిషి రెండు సందులు తిరిగి, పాత బడిలాంటి భవనంలోకి వెళ్లాడు. లోపల పెద్ద హాలు, వరసగా కుట్టుమిషన్లు, వాటి ముందు ఆడవాళ్లు. పని నేర్చుకుంటున్నారు. ఆ మనిషి చుట్ట దింపి, సంతకం తీసుకుని తన దారిన పోయాడు. అందులో బట్టే ఉంది.

డేగకన్ను మాత్రం పోలేదు. ‘ముఠా స్థావరం’ అనుకున్నాడు. గుమ్మం పక్కనే ఉన్న బల్ల మీంచి దుప్పటంత బట్ట నేలదాకా వేలాడుతోంది. గభాలున దాని కిందకి దూరి, కోటు చుట్టూ సర్దుకుని, ఊపిరి బిగబట్టాడు.

ఆ బల్ల మీద ఒకావిడ కిటికీ తెర కుడుతోంది. ఆవిడ బట్ట పైకి లాక్కున్నప్పుడల్లా కోటు అంచు కూడా దానితో పాటు పైకి పాకింది. టకటకా నాలుగు కుట్లు పడ్డాయి. దారం తెగింది. ఎక్కించింది. మళ్లీ తెగింది.

“టీచరమ్మా, ఇది పొద్దున బాగానే ఉందండీ. ఇప్పుడు అస్తమానం తెగుతోంది.”

టీచరమ్మ మూలనున్న కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. ఆ హాలు మొత్తానికి అదొక్కటే. “మన పేజీ తెరిచే ఉంది, చదువుతాను, ఒక్కోటీ చూసుకో,” అని పైకి చదవడం మొదలుపెట్టింది. “దారం టెన్షన్ ఎక్కువైతే తెగుతుంది, మనిషయినా అంతే. కాస్త వదులు చెయ్యండి.”

“చేశానండీ.”

“సూది మొద్దుబారిందేమో చూడండి. మొద్దుకి ఎంత చెప్పినా ఎక్కదు, మార్చెయ్యండి.”

అందరూ నవ్వారు. సూది మార్చారు. మళ్లీ తెగింది. బల్ల కింద డేగకన్నుకి ఈ మాటలు ఎక్కడో విన్నట్టే ఉన్నాయి. ఇవి అక్క మాటలని ఇంకొకరికైతే తెలిసిపోయేది. అతను మాత్రం ‘రహస్య సంకేత భాష’ అని నిర్ణయించుకున్నాడు.

“మీకు తెలియకుండా ఇంకో మడత కిందకి చేరిందేమో, బట్ట ఎత్తి చూడండి,” అని చదివింది టీచరమ్మ.

ఆవిడ బట్ట ఎత్తింది. తెరతో పాటు కోటు లేచింది. కోటుతో పాటు గడ్డం ఒక చెంప మీద వేలాడుతున్న మనిషి లేచాడు.

“ఎవరూ కదలొద్దు,” అన్నాడు డేగకన్ను. కదలలేనిది తనే. కోటు తెరకి కుట్టుకుపోయింది, తెర మిషన్‌లో ఇరుక్కుంది.

ఆడవాళ్లు అరవలేదు. చేతిలో కత్తెరలున్నవాళ్లకి అరవాల్సిన పనేముంది? చుట్టూ చేరి నిలబడ్డారంతే. డేగకన్ను వెంటనే తన కార్డు తీసి ఇచ్చాడు. టీచరమ్మ చదివి, తిప్పి చూసి, “మీ పెద్దవాళ్ల నంబరు చెప్పు బాబూ,” అంది.

అక్క పానా, స్క్రూడ్రైవరు పట్టుకుని పరుగున వచ్చింది. తమ్ముడి మొహం చూడకుండా ముందు మిషన్ చూసింది. సూది లేపి, కోటు విడదీసి, లోపల చిక్కుకున్న దారం తీసి, చుక్క నూనె వేసి, చక్రం తిప్పింది. మిషన్ మెత్తగా నడిచింది.

“క్షమించండమ్మా. మా వాడే. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు,” అంటూ తల తిప్పింది. మూలనున్న కంప్యూటర్ మీద తన పేజీ కనబడింది. “ఇది... ఇది మీరు చూస్తారా?”

“చూడ్డమేంటమ్మా, రోజూ తెరిచే ఉంచుతాం. ఎవరి మిషన్ మొరాయించినా అదే చదువుకుంటాం. ఎవరు రాశారోగానీ పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. ఆ దుకాణం ఎక్కడుందో కనుక్కుందామని చాలాసార్లు వెతికాను. మా మిషన్లన్నీ బాగుచేయించుకోవాలి. వెనక్కి నొక్కితే ఓ నల్ల తెర పడి, నన్ను నిజం చెప్పమంటుంది. ఎవడో తిక్కవెధవ చేసినట్టున్నాడు.”

అక్క తమ్ముడి వైపు చూసింది. అతను గడ్డం సరిచేసుకున్నాడు.

“రాసింది నేనేనండీ,” అంది అక్క. ఇన్నాళ్లూ ఖాళీ దుకాణంలో కూర్చుని, తన మాట ఎవరికీ అక్కర్లేదనుకుంది. ఇక్కడ ఇంతమంది దాన్ని వంతులవారీగా చదువుకుంటున్నారు. అక్కడికక్కడే ఇంకో రెండు మిషన్లు విప్పి చూసింది. మిగతావాటికి ఎప్పుడు రమ్మంటారని టీచరమ్మనే అడిగింది.

దారిలో డేగకన్ను ఛాతీ విరుచుకున్నాడు. “చూశావా అక్కా. ఆగంతకుణ్ణి పట్టేశాను. కోటు సూది కింద పెట్టింది కావాలనే.”

“సూదికోసం సోదికెళ్లినట్టుందిరా నీ డిటెక్టివ్ పని. ఇంటికి పద. తెర తియ్, తలుపు తియ్, బూట్లు తియ్, ఆ దారపుండ ఆపు.”

“ఆపేస్తే మిగిలేదేముంటుంది?”

“దుకాణం మిగులుతుంది.”

ఆ సాయంత్రమే అన్నీ తీయించింది. అడ్రసు, ఫోను మొదట్లోనే పెట్టించింది. తర్వాత్తర్వాత తీరికైనప్పుడల్లా ఒక్కో తంటా గురించి రాస్తూ పోయింది. సూది ఎందుకు విరుగుతుంది, నూనె ఎక్కడ వెయ్యాలి, ఏ చప్పుడుకి భయపడాలి, ఏ చప్పుడుకి అక్కర్లేదు. చదివినవాళ్లు మళ్లీ వచ్చారు, ఇంకొకరికి చెప్పారు. షట్టర్ మాట బావ మళ్లీ ఎత్తలేదు.

ఓ రోజు డేగకన్ను ఫోన్ పట్టుకుని దుకాణంలోకి దూసుకొచ్చాడు. మొహం జేవురించి ఉంది.

“ఇదేంటక్కా? దారం పేజీలో చివర కొత్తగా ఏం రాశావ్? ‘అన్నీ సరిగ్గా ఉన్నా దారం తెగుతుంటే, బల్ల కిందకి వంగి చూడండి, ఎవరైనా డిటెక్టివ్ ఉన్నాడేమో.’ జనం దీన్ని ఒకరికొకరు పంపుకుని నవ్వుకుంటున్నారు. నీ మీద పరువునష్టం కేసు వేస్తాను.”

అక్క సూదిలో దారం ఎక్కించి, కొస పంటితో కొరికింది.

“నష్టపోవాలంటే ముందు ఉండాలి కదరా,” అంది.