టర్కీ లాయరు, ప్రేమమ్మ డొంక

దేశం బాగుపడాలంటే ప్రతి నియోజకవర్గంలోనూ ఒక లాయరును ఎమ్మెల్యేగా గెలిపించాలి! ఇది నా నిశ్చితాభిప్రాయం. కాదన్నవాళ్ళు పైకోర్టుకు వెళ్ళొచ్చు.

డాక్టరు ఎమ్మెల్యే అయితే ఏం చేస్తాడు? కనిపించినవాడికల్లా సూది వేస్తాడు. కాంట్రాక్టరు అయితే రోడ్డు వేస్తాడు. తొలి వానకి అది కొట్టుకుపోతుంది, మళ్ళీ వేస్తాడు. లాయరు ఒక్కడే ఏమీ వెయ్యడు. వేస్తే గిస్తే వాయిదా వేస్తాడు.

వాయిదా అంటే మీకు చిన్నచూపు, నాకు తెలుసు. కోర్టు మెట్లెక్కి చెప్పులరిగినవాళ్ళు వాయిదా పేరు వింటేనే పళ్ళు నూరుతారు. తెలివితక్కువతనం! వాయిదా అంటే ఆయుష్షు అండీ. వచ్చే వాయిదాకు హాజరు కావాల్సినవాడు ఈలోగా ఎలా చస్తాడు? సాక్ష్యం కావాలా? మా ఊరి ప్రేమమ్మే నా సాక్షి. ఆవిడ సంగతికి వచ్చే ముందు మా ఎమ్మెల్యేగారిని మీకు పరిచయం చెయ్యాలి.

మాది దర్శికీ అద్దంకికీ నడుమ, మిరపా ప్రత్తీ తప్ప మరో మాట ఎరగని పల్లె. మా ఎమ్మెల్యేగారిని ఇక్కడంతా టర్కీ లాయరు అంటారు. అసలు పేరు నేను చెప్పను. ఆయన లాయరు, నేను పిల్లలు గలవాణ్ణి.

టర్కీ దేశంతో ఆయనకు వేలు విడిచిన చుట్టరికం కూడా లేదు. ఎండాకాలం కోర్టులో చెమట తుడుచుకోవడానికి నల్లకోటు మీద ఒక పెద్ద టర్కీ తువ్వాలు వేసుకునేవాడు. పేరు అలా పడింది. కానీ మా ఊరు ఒకసారి నమ్మితే నమ్మినట్టే! ఎనభయ్యో సంవత్సరంలో టర్కీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిందని రేడియోలో చెప్పగానే, టీకొట్టు రంజాన్ పరుగున వెళ్ళి "అయ్యా, అక్కడ మీవాళ్ళంతా కులాసానేనా?" అని అడిగాడు. లాయరుగారు నవ్వలేదు, కాదనలేదు. "విషయం విచారణలో ఉంది రంజాన్. ఇప్పుడే ఏమీ చెప్పకూడదు" అన్నాడు. ఈ మనిషి ఉండాల్సింది కోర్టులో కాదు, అసెంబ్లీలో అని ఆ రోజే నాకు తోచింది.

ఆయన జీవితం బడిపిల్లలకు పాఠంగా పెట్టదగ్గది. చిన్నప్పుడు జామకాయలు దొంగిలించి పట్టుబడితే, చెట్టే తన చేతిలోకి వంగిందని వాదించి, తోటమాలి చేత చెట్టును తిట్టించాడట. గుంటూరులో లా చదివాడు. పట్టా చేతికి రాగానే మొదటి కేసులో, పొరుగువాడి చేలో పడి మేసిన గేదె తరఫున నిలబడ్డాడు. గేదెకు చేను, గట్టు తేడా తెలియదు గనుక అది నిర్దోషి అన్నాడు. గేదెను కట్టెయ్యని యజమాని అప్పుడు ఊళ్ళో లేడు గనుక అతనూ నిర్దోషే. మేత మేసిన పాపం చివరికి మేతకే చుట్టుకుంది.

ఆ తువ్వాలుకి ఒక శాస్త్రం ఉంది. వాది తరఫున వాదించే రోజు అది కుడి భుజం మీద ఉంటుంది. ప్రతివాది తరఫున అయితే ఎడమ భుజం మీద. మధ్యాహ్నం భోజనాలయ్యాక భుజం మారిన సందర్భాలు కూడా ఉన్నాయని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళ మాటలు మనకెందుకు?

ఇక ప్రేమమ్మ. మా ఊరి క్రైస్తవుల పేటలో ఉంటుంది. మిరపకాయల కోతకు వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే పెద్ద. గొంతెత్తిందంటే పక్క చేలో పనివాళ్ళు కూడా నడుం వంచాల్సిందే. పేట నుంచి రోడ్డుకీ, రోడ్డవతల ఉన్న సమాధుల తోటకీ తాతల నాటి నుంచి ఒక డొంక ఉండేది. ఎడ్లబండి సుఖంగా పోయే దారి. ఒక ఏడు మోతుబరి రామకోటయ్య ఆ డొంకను దున్ని, తన పొలంలో కలుపుకుని, మిరప నారు నాటేశాడు. అప్పట్నించీ పేటవాళ్ళు వాగు గట్టు మీదుగా తుమ్మకంపల్లో పడి చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. బతికున్నవాళ్ళు ఎలాగో పోతారు. చచ్చినవాళ్ళకే కష్టం.

ప్రేమమ్మ కోర్టుకెక్కింది. "మా ఆయన పిచ్చయ్య ఆ డొంకనే పోయాడు. నేనూ ఆ డొంకనే పోతా. ముళ్ళల్లో పడి ఈడ్చుకుంటా పోయి ఆయన పక్కన పడుకోమంటే నా వల్ల కాదు" అంది. ఆవిడ కోరిక అదొక్కటే.

రామకోటయ్య తరఫున టర్కీ లాయరు నిలబడ్డాడు. తువ్వాలు ఎడమ భుజానికి వచ్చింది. ఊరంతా పెరుగన్నం మూటలు కట్టుకుని, నాటకానికి పోయినట్టు కోర్టుకు పోయింది. ప్రయాణం వృథా కాలేదు.

"అమ్మా, ఆ పొలంలో నిన్ను నడిపించింది ఏమిటి?" అని లాయరు ప్రేమమ్మను అడిగాడు.

"కాళ్ళయ్యా. ఇంకేం నడిపిస్తయ్యి?"

"విన్నారా యువరానర్! నడిపించింది కాళ్ళు. డొంక కాదు! మనిషి నడిచిన చోటల్లా డొంక ఉందంటే, కాకి ఎగిరిన చోటల్లా ఆకాశంలో రోడ్డు ఉండాలి!"

కోర్టు హాలు గొల్లుమంది. ఎవరు నవ్వారనుకున్నారు? పేటవాళ్ళే! ప్రేమమ్మ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కేసు పోయింది. అయినా తిరుగు బస్సులో ఒక్కరి మొహమూ వాడలేదు. "ఏం వాదించాడే తల్లీ! ఉన్న డొంకని కళ్ళ ముందే మాయం చేశాడే!" అని ఒకటే మెచ్చుకోళ్ళు.

అప్పుడు ప్రేమమ్మ ఒక మాట అంది. ఆ మాటే మా నియోజకవర్గం తలరాతను మార్చింది. "ఒసేయ్, ఉన్నదాన్ని లేదనిపించినోడికి లేనిదాన్ని ఉందనిపించటం ఒక లెక్కా? ఈయన్ని మన మనిషిని చేసుకుంటే గవర్నమెంటోళ్ళ నోట మాట వస్తదా?"

ఎనభై అయిదు ఎన్నికల్లో టర్కీ లాయరు నిలబడ్డాడు. ఏ పార్టీ అని అడక్కండి, అది అప్పుడప్పుడూ మారే విషయం. తమను ఓడించిన లాయరును పేటంతా ఒక్క మాట మీద గెలిపించింది. ప్రేమమ్మ ముఠా పాటలు కట్టి మరీ ప్రచారం చేసింది. ఇలాంటి రసజ్ఞత మరో జిల్లాలో చూపించండి! కొట్టినవాడి చెయ్యి బాగుందని మెచ్చుకుని కర్ర కూడా వాడికే ఇచ్చాం.

గెలిచాక ఆయన పాలన ఎలా సాగిందో చెబుతాను, కుళ్ళుకోండి. ప్రత్తికి తెల్లదోమ పట్టి రైతులు లబోదిబోమంటూ వెళ్ళారు. మరో ఎమ్మెల్యే అయితే తొందరపడి మందు తెప్పించేవాడు. మా ఎమ్మెల్యే "ఏకపక్షంగా పోకూడదు. దోమ తరఫు వాదన కూడా వినాలి" అన్నాడు. వింటూండగానే ప్రత్తి అయిపోయింది. ప్రత్తి అయిపోయాక దోమ దానంతటదే వెళ్ళిపోయింది. ఒక్క డబ్బా మందు కొట్టకుండా దోమను తరిమిన మొనగాడు ఇంకెవరున్నారు?

ఒక పెళ్ళికి పిలిచారు. తాళి కట్టే వేళకి అక్షింతలు చేతిలో పట్టుకుని, అలవాటు కొద్దీ "అభ్యంతరాలున్నవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. అడిగితే ఊరుకుంటారా? పెళ్ళికొడుకు పెదనాన్న చెయ్యెత్తాడు. పప్పులో ఉప్పు తక్కువైందట. ఇరుపక్షాల వాదనలూ విని లాయరుగారు పెళ్ళిని మర్నాటికి వాయిదా వేశాడు. నష్టం ఎవరికి? బంధువులకు అదనంగా రెండు పూటల భోజనం దక్కింది.

పేటలో మంచినీళ్ళ బోరింగు వెయ్యమని అడిగాం. భూమిలో నీళ్ళున్నాయని రుజువు తెమ్మన్నాడు. రుజువు తేవాలంటే తవ్వాలి. తవ్వాలంటే రుజువు కావాలి. ఆ చిక్కుముడి ఎంత అందంగా ఉందంటే, తాగడానికి నీళ్ళు లేవన్న సంగతి కాసేపు మేమే మరిచిపోయాం.

మరి డొంక సంగతి? అక్కడికే వస్తున్నాను. ప్రేమమ్మ వెళ్ళి అడగ్గానే ఆయన ఎడమ భుజం మీది తువ్వాలు తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు. పేటంతా చప్పట్లు! హైదరాబాదు వెళ్ళి అసెంబ్లీలో లేచి మాట్లాడాడట. డొంక పల్లెకు తల్లి అన్నాడట, నరం అన్నాడట. సభలో కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారట. ఇదంతా ఏ పేపర్లోనూ రాలేదు గానీ ఆయనే వచ్చి చెప్పాడు. అంతా విని మంత్రిగారు ఒక్క ముక్క అన్నారట. "అక్కడ డొంకే లేదని గౌరవ సభ్యులే కోర్టులో రుజువు చేశారు కదా!"

టర్కీ లాయరు చిన్నబుచ్చుకున్నాడనుకుంటున్నారా? ఎందుకూ! మైకు కట్టిన జీపులో ఊరికి వచ్చాడు. డొంక లేదు గనుక జీపు పేటలోకి రాదు. అందుకని రోడ్డు మీదే నిలబడి, రామకోటయ్య మిరప తోట మీదుగా పేటకు వినిపించేలా ప్రకటించాడు. "నా వాదనకు రాష్ట్రంలోనే తిరుగు లేదు! చివరికి నేను కూడా దాన్ని ఓడించలేకపోయాను!"

మళ్ళీ చప్పట్లు కొట్టాం. మంచి మాట ఎవరిదైనా మెచ్చుకోవడం మా బలహీనత.

ప్రేమమ్మ మాత్రం ఈసారి కొట్టలేదు. తుమ్మకంపలు చుట్టి వచ్చి జీపు పక్కన నిలబడింది. "అయ్యా, నాకు వయసు మీద పడతంది. నేను పోయేలోపు ఆ డొంక ఇప్పియ్యి" అంది.

"తొందరేముంది ప్రేమమ్మా! డొంక వచ్చేదాకా పోకు" అన్నాడాయన.

చూశారా! ఇదీ నేను చెప్పే వాయిదా మహిమ. ఆవిడ నిజంగానే పోలేదు! టైఫాయిడ్ వచ్చింది, పోలేదు. పక్కింటి గేదె కుమ్మింది, పోలేదు. ప్రతి కోతల కాలంలోనూ రామకోటయ్య చేలో వంగి, తన డొంక మీద కాసిన కాయలు తన చేత్తోనే కోసింది. "మా ఆయన నడిచిన నేలే, అందుకే కాయ ఇంత ఎర్రగా కాసింది" అని ముఠాని నవ్వించేది. అదే మరో ఎమ్మెల్యే అయితే మొదటి ఏడాదే డొంక ఇచ్చేసి, ఆవిడ ఆయుష్షు తీసేసేవాడు కాదూ?

ఈ ఏడు మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. వానలు పట్టుకున్నాయి. వాగు పొంగి గట్టు మీదికి వచ్చింది. ఆ ముసురులో ప్రేమమ్మ, ఎవరినీ వాయిదా అడక్కుండా, పోయింది.

ఎన్నికల ముందు చావంటే ఎమ్మెల్యే రాకుండా ఉంటాడా? బురదలో పడి వచ్చాడు. పాస్టరు జక్రయ్య ప్రార్థన చేశాడు. పెట్టె ఎత్తే వేళకి టర్కీ లాయరు అందర్నీ తోసుకుని ముందు భుజం పట్టాడు. జారిపోతున్న తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి చూస్తే, ఇందాక తను వచ్చిన వాగు గట్టు ఈలోగా నీళ్ళలో మునిగిపోయింది. "నీళ్ళు తగ్గనియ్యండి. రేపటికి వాయిదా..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

ప్రేమమ్మ కూతురు రెబ్కా అంతవరకూ ఏడుస్తూ ఉంది. గబుక్కున తలెత్తింది. "మా అమ్మకి ఇంక వాయిదాల్లేవయ్యా! ఇప్పుడే పోవాల. ఆ డొంకనే పోవాల!" అని అరిచింది.

అంతే. వెనక పట్టుకున్నవాళ్ళు పెట్టెను మిరప తోట వైపు తిప్పారు. ముందు పట్టుకున్నవాడు ఏం చేస్తాడు? ఓట్లున్న జనం చూస్తుండగా శవాన్ని దింపి పోతాడా? నడిచాడు. పేటంతా పాట పాడుకుంటూ వెనకే నడిచింది. నేనూ నడిచాను. మొక్కలు కాళ్ళ కింద విరుగుతుంటే కళ్ళు తుడుచుకున్నాను. పచ్చిమిరప ఘాటు అనుకున్నాను.

పొలం గట్టు మీద రామకోటయ్య ఉన్నాడు. నోరు తెరిచాడు గానీ, శవానికి ఎదురు నిలిచే దమ్ము ఎంత మోతుబరికైనా ఎక్కడిది? చెప్పులు విడిచి పక్కకు తప్పుకున్నాడు. ప్రేమమ్మ తన డొంకనే పోయి పిచ్చయ్య పక్కకు చేరింది.

మర్నాడు పొద్దున్నే రామకోటయ్య లాయరుగారింటికి వెళ్ళి "నా తోట తొక్కి నాశనం చేశారు. కేసు వెయ్యి" అన్నాడు. టీ ఇవ్వడానికి వెళ్ళిన రంజాన్ అక్కడే ఉండి అంతా విన్నాడు.

"తొక్కిందెవరు?" అని లాయరు అడిగాడు.

"అందరికంటే ముందు నువ్వే గదయ్యా!"

"నేను నడవడమేమిటి? నడిపించింది కాళ్ళు..." అని మొదలుపెట్టి టక్కున ఆగిపోయాడట. వాదన మధ్యలో ఆయన ఆగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలని రంజాన్ అంటాడు. కేసు వేస్తే ముద్దాయి ఆయనే, సాక్షి ఆయనే, వకీలూ ఆయనే. తువ్వాలు ఏ భుజం మీద వెయ్యాలో తేలక చేతుల్లోనే నలిపి నలిపి, చివరికి "ఎన్నికలయ్యాక చూద్దాంలే" అని వాయిదా వేశాడు.

ఆ వాయిదాలోనే పేటవాళ్ళు రోజూ ఆ దారిన నడవసాగారు. పడిన మొక్కలు మళ్ళీ లేవలేదు. ఇప్పుడు ఎడ్లబండి పోతోంది. ఎవరూ ఇవ్వకుండానే డొంక వచ్చేసింది!

కనుక, లాయరు ఎమ్మెల్యే అయితే పనులు జరగవన్న అపవాదు ఇకనైనా మానండి. కోర్టు ఇవ్వనిది, అసెంబ్లీ ఇవ్వనిది ఆయన హయాంలోనే మాకు దక్కింది. దానికి మేం ఇచ్చుకున్నది ఒక ముసలమ్మను మాత్రమే.

నిన్న టర్కీ లాయరు ఓట్లడగడానికి జీపు వేసుకుని ఆ డొంక మీదుగానే నేరుగా పేటలోకి వచ్చాడు. తువ్వాలు కుడి భుజం మీద ఉంది. "డొంక తెచ్చాను. ఇంకా ఏం కావాలో అడగండి!" అని మైకులో అన్నాడు. పేటలో బోరింగు లేదు. బడికి కప్పు లేదు. వాగు మీద చప్టా లేదు. అయినా ఎవరమూ ఏదీ అడగలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు మాత్రం ఒక్కొక్కరే లేచి లోపలికి వెళ్ళి తలుపులు వేసుకున్నారు.