రెండు నక్షత్రాల పాదాలు

అయ్యలారా, అమ్మలారా! పదిహేడేళ్ల పిల్లల్ని బరువు తూచి, కొలతలు తీసి, నుదుటిన నక్షత్రాలు అంటించే పద్ధతి మానవజాతికి దొరికిన పెద్ద వరం. కాదన్నవాడు అలబామాలో పుట్టి ఉండడు. పుట్టినా ఇక్కడ పెరిగి ఉండడు!

మీరే ఆలోచించండి. మా పైన్ ఫోర్క్ ఊళ్లో జనవరితో ఫుట్‌బాల్ అయిపోతుంది. (మా దగ్గర ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేది. కాలితో తన్నే రకం కూడా ఒకటి ఉందని విన్నాం, పాపం.) మళ్లీ ఆటలు మొదలయ్యేది ఆగస్టు చివర్లో. మధ్యలో అన్ని నెలలు మగవాడన్నవాడు ఏం చెయ్యాలి? పెళ్లాంతో మాట్లాడాలా? కారుతున్న కప్పు బాగు చేయించాలా?

అందుకే దేవుడు ఫిబ్రవరిలో మొదటి బుధవారాన్ని సృష్టించాడు. ఆ రోజు హైస్కూలు చివరి ఏడాది కుర్రాళ్లు బల్ల ముందు కూర్చుని, ఫలానా కాలేజీకి ఆడతామని సంతకం పెడతారు. తల్లి కళ్లు తుడుచుకుంటుంది. తండ్రి కొత్త టోపీ పెట్టుకుంటాడు. కోచ్ కేకు కోస్తాడు. మర్నాడు నేను రంగంలోకి దిగుతాను.

నా పేరు హార్లన్ కిట్రెల్. వయసు అరవై మూడు. మార్లో స్టేట్ కాలేజీ జట్టులోకి ఏటా కొత్తగా వచ్చే కుర్రాళ్లకు మా వారపత్రికలో ముప్పై ఒక్క ఏళ్లుగా మార్కులు వేస్తున్నది నేనే. ఐదు నక్షత్రాలంటే సాక్షాత్తు దేవదూత. రెండంటే వాళ్లమ్మకు మాత్రమే ముద్దు.

నీ అర్హతేమిటని అడుగుతారేమో. ఫుట్‌బాల్ మైదానంలో నేను జీవితంలో ఒక్కసారే పరిగెత్తాను. అదీ తప్పు గేటులోంచి లోపలికి దూరితే కాపలావాడు తరిమినప్పుడు. అయినా నేను అంచనా వేస్తే తిరుగులేదు! ఒకప్పుడు నేను ఐదు నక్షత్రాలు ఇచ్చిన కుర్రాడు ఇప్పుడు పళ్ల డాక్టరు. రెండిచ్చినవాడు పదేళ్లు టీవీలో ఆడాడు. నేను తప్పు చెప్పానా? ఎంత మాట! నేను చెప్పినట్టు వాళ్లు నడుచుకోలేదు, అంతే.

ఈ ఏడాది ఇరవై ఒక్కమంది చేరారు. అందరినీ ఒక్క మధ్యాహ్నంలో తేల్చేశాను. అందరికీ కలిపి 'బి ప్లస్' మార్కు. ఒక్క కుర్రాడి దగ్గర మాత్రం నా కలానికి పదునెక్కింది. పేరు టేవిన్ క్రెన్షా. ఆరడుగుల నాలుగంగుళాలు, మూడొందల పది పౌన్లు. ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునే పని వాడిది. ఇలా రాశాను: "రెండు నక్షత్రాలు. పాదాలు బరువు. వీడికి సీటెందుకిచ్చారో కాలేజీకే తెలియాలి. జట్టు బస్సు దారిలో ఆగిపోతే తొయ్యడానికి కాబోలు."

పేపరొచ్చిన రోజు పొద్దున్నే కెఫేలో అందరూ పగలబడి నవ్వారు. పశువుల దాణా కొట్టు నడిపి రిటైరైన డబ్ హార్గెట్ అయితే కాఫీ పొలమారి దగ్గాడు. "ఒరేయ్ హార్లన్, బస్సు తొయ్యడానికటరా!" అని నా వీపు చరిచాడు. ఆ ఉదయం నేను కొద్దిగా పొడుగయ్యాననిపించింది.

మర్నాడు పదింటికి మోకాలి వ్యాయామానికి వెళ్లాను. జనవరిలో నా కుడి మోకాలు తీసేసి ఇనుపది పెట్టారు. దాన్ని వంచే బాధ్యత వెర్నెల్ అనే ఆవిడది. మూడు వారాలుగా ఆవిడ నన్ను పసిబిడ్డలా నడిపిస్తోంది. నొప్పికి నేనరిచిన అరుపుల్ని ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఇంటిపేరేమిటో నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు, అంతా నా మోకాలి గురించే మాట్లాడుకునేవాళ్లం.

ఆ రోజు గదిలో మరో ముగ్గురున్నారు. డబ్ కూడా ఉన్నాడు, భుజం పట్టేసిందని రబ్బరు తాడు లాగుతూ. వెర్నెల్ చేతిలో మా పేపరు మడతపెట్టి ఉంది. పాఠకురాలే అనుకుని మురిసిపోయాను.

"లేవండి హార్లన్ గారూ. ఇవాళ మీకు మూల్యాంకనం" అంది.

"దేనికమ్మా?"

"నెలకోసారి కొలతలు తీసి ఇన్సూరెన్సువాళ్లకి పంపాలి. పైకి చదవమంటారా, మనసులో చదువుకోమంటారా?"

"చదువమ్మా. ఇక్కడ దాచుకునేవాళ్లెవరున్నారు?" అన్నాను ఉదారంగా. ఉదారంగా అన్న మాటలు నన్నెప్పుడూ ముంచుతాయి.

గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచింది. "పేపర్లో ఫొటో చూస్తే ఆరడుగులుంటారనిపిస్తుంది. ఐదు ఎనిమిది." బరువు చూసింది. ఆ అంకె ఇక్కడ రాయను. కుర్చీలోంచి లేచి పదడుగులు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమంది. చేతిలో గడియారం నొక్కింది.

"ఇరవై తొమ్మిది సెకన్లు."

"అది మంచిదేనా?" అన్నాను.

"మీ వయసువాళ్లు పన్నెండులో వస్తారు" అంది.

డబ్‌గాడు రబ్బరు తాడు వదిలేశాడు. "ఎన్ని నక్షత్రాలమ్మా వీడికి?"

ఆవిడ నవ్వలేదు. కాగితం మీద రాసుకుంటూ చదివింది: "మొదటి అడుగు ఆలస్యం. మలుపు దగ్గర గోడ పట్టుకుంటాడు. నొప్పి రాకముందే అరుస్తాడు. ఒకటిన్నర."

గదంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను. నా మీద నేను నవ్వుకోగలనని చూపించడం నాకిష్టం, చూసేవాళ్లుంటే.

తర్వాత నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు పట్టుకుని వంచడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు వాళ్ల పనుల్లో పడ్డారు. అప్పుడు నాకు మాత్రమే వినపడేలా అంది: "టేవిన్ మా అబ్బాయండీ."

నొప్పి లేదు గానీ నేను అరిచాను.

"వాడు పుట్టినప్పుడు రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి" అంది, నా కాలు వదలకుండా. "వారానికోసారి పిండికట్లు మార్చేవాళ్లు. ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిపూట ఇనప పట్టీ ఉన్న బూట్లు. రాత్రంతా వాడేడుస్తుంటే ఆ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఈ పని నేర్చుకున్నదే అందుకు. లేకపోతే నేను బ్యాంకులో ఉండేదాన్ని. ఇంకొంచెం వంచండి."

వంచాను.

"మీరు రాసింది రాత్రి భోజనాల దగ్గర వాడే పైకి చదివాడు. మా చిన్నది నవ్వింది. వాడూ నవ్వాడు. ఎప్పుడూ రెండోసారి వడ్డించుకునేవాడు, ప్లేటు తీసుకెళ్లి సింకులో పెట్టేశాడు. నా దగ్గరికొచ్చి, 'అమ్మా, నా పాదాలు నిజంగా బరువా?' అనడిగాడు. ఇన్నేళ్లలో వాడెప్పుడూ వాటి సంగతి ఎత్తలేదండీ. ఏం చెప్పాలో తెలియలేదు."

"నేనొచ్చి వాడికి క్షమాపణ చెప్పుకుంటానమ్మా" అన్నాను.

"శనివారం పొద్దున స్కూలు మైదానంలో ఉంటాడు. నడవగలిగితే రండి" అంది. నా మోకాలి మీద తువ్వాలు కప్పి, డబ్ దగ్గరికి వెళ్లిపోయింది.

నాకింకా కారు నడిపే యోగ్యత లేదు కాబట్టి మా ఆవిడ నెల్డా తీసుకెళ్లింది. నెల్డాకు ఫుట్‌బాల్ అంటే పడదు. నలభై ఏళ్లుగా ప్రతి ఆదివారం చర్చిలో పియానో వాయిస్తుంది. మా దాంపత్యంలో శనివారాలు నావి, ఆదివారాలు ఆవిడవి. దారిలో జరిగిందంతా చెప్పాను. మైదానం దగ్గర కారాపి, "ముందు క్షమాపణ చెప్పండి. కథలు తర్వాత" అంది.

గడ్డి మీద ఇంకా మంచుంది. టేవిన్ ఒక్కడే ఉన్నాడు. కింద తాడు నిచ్చెన పరుచుకుని, దాని గళ్లలో అడుగులేస్తున్నాడు. నేను చేతికర్ర పొడుచుకుంటూ రావడం చూసి, అంత మనిషీ పరిగెత్తుకొచ్చి గేటు తీసి పట్టుకున్నాడు.

"టేవిన్, బాబూ, నేను హార్లన్ కిట్రెల్‌ని" అన్నాను. "ఆ రాసింది..."

"తెలుసు సర్! మీకోసమే చూస్తున్నాను" అన్నాడు. కోపమేమో అనుకున్నాను. కాదు. మొహం వెలిగిపోతోంది. "మీరు రాసింది నిజమే సర్. ఎడమ పాదం రవ్వంత ఆలస్యంగా పడుతుంది. లోపలెక్కడో తెలుస్తుంది గానీ పట్టుకోలేకపోతున్నా. మా కోచ్‌లు నాలుగేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మీరెలా కనిపెట్టారు సర్? ఏ ఆటలో చూశారు? ఆ వీడియో నేనూ చూసుకుంటాను."

పాఠకులారా, ఇక్కడ మీరూ నేనూ కాసేపు ఆగాలి.

ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నో ప్రశ్నలొచ్చాయి. కోచ్‌లు తిట్టారు. తండ్రులు కొట్టడానికొచ్చారు. ఒక అమ్మమ్మ మా గుమ్మం మీద కోడిగుడ్లు విసిరింది. ఎక్కడ చూశావని మాత్రం ఎవ్వరూ అడగలేదు!

"బాబూ," అన్నాను, "నేను చూడలేదు."

"ఆ ఆట చూడలేదా సర్?"

"ఏ ఆటా చూడలేదు. నీదే కాదు, ఎవరిదీ. కాలేజీవాళ్లు ఎత్తు, బరువు ఉన్న జాబితా పంపుతారు. అది ముందేసుకుని, ఇంటర్నెట్లో నలుగురు రాసింది చదివి రాస్తాను. నీ బరువు చూసి పాదాలు బరువన్నాను. క్షమించు."

వాడు నావైపు చూశాడు. అర్థం చేసుకోవడానికి నిజంగా ప్రయత్నిస్తున్నాడు, అదే నాకు కష్టంగా ఉంది. "మరి మిగతా ఇరవై మంది?"

"వాళ్లదీ అంతే."

"అయ్యో" అన్నాడు. నా మీద జాలో, ఆ ఇరవై మంది మీదో తెలియదు. "పోనీ, ఇప్పుడు చూస్తారా సర్? ఎలాగూ వచ్చారుగా" అన్నాడు.

చూశాను. గంటసేపు చూశాను. కుడి, ఎడమ, వెనక్కి, పక్కకి. మీకు దాచడమెందుకు, నాకు ఏమీ కనపడలేదు! ఒక పెద్ద కుర్రాడు చకచకా గెంతుతున్నాడు. అంతవరకే. ఏం చూడాలో నాకు తెలియదు. ఎవరైనా పక్కనుండి చూస్తే మాత్రం నేను మహా పండితుడిలా గడ్డం పట్టుకుని తలూపుతున్నాను.

నెల్డా నా పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. మైదానం వైపు కూడా చూడట్లేదు, కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకున్నాను. ఉన్నట్టుండి, "ఎడమకి వెళ్లేటప్పుడు మూడో అడుగు" అంది.

"ఏమిటీ?"

"మూడో అడుగు తాళం తప్పుతోంది. వినపడట్లేదా మీకు? ఏయ్ బాబూ, ఒక్కసారి ఆగు!" లేచి గడ్డిలోకి నడిచింది. "మొదటి రెండు సరిగ్గా పడుతున్నాయి. మూడోదానికి ముందు నువ్వు ఊపిరి బిగపడుతున్నావు. నేను చప్పట్లు కొడతాను, దాంతో పాటు ఊపిరి వదులుతూ వెయ్యి."

చప్పట్లు కొట్టింది. మొదటిసారి తప్పాడు. రెండోసారి తప్పాడు. ఏడోసారో ఎనిమిదోసారో వాడు ఠక్కున ఆగిపోయి తన పాదం వంక చూసుకున్నాడు. "పడింది మేడమ్! పడింది!" అని అరిచాడు. మళ్లీ వేశాడు, మళ్లీ పడింది. మా ఆవిడా, మూడొందల పది పౌన్ల ఆ కుర్రాడూ మంచు గడ్డిలో చిన్నపిల్లల్లా నవ్వుతున్నారు. చప్పుడులో ఏం తేడా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

సోమవారం వెర్నెల్ నా మోకాలు వంచుతూ అడిగింది. "ఏం చూశారు?"

"నాకేమీ అర్థం కాలేదమ్మా. మా ఆవిడకి అర్థమైంది."

"వాడు చెప్పాడు. శనివారం రాత్రి మూడుసార్లు వడ్డించుకున్నాడు" అంది. మోకాలు మాత్రం జోరేమీ తగ్గించకుండానే వంచింది. అప్పట్నుంచి శనివారాలు కూడా నెల్డావే. ఆవిడ మైదానంలో వాడికి చప్పట్లు కొడుతుంది, నేను కారులో కూర్చుంటాను.

ఇంత జరిగాక పొరపాటు ఒప్పుకోకపోతే మనిషినవుతానా? నిన్న కెఫేలో డబ్‌ని పక్కకి లాగి, కుండబద్దలు కొట్టినట్టు మొత్తం చెప్పేశాను. ముప్పై ఒక్క ఏళ్లు, ఆరొందల పైచిలుకు కుర్రాళ్లు, ఒక్కణ్ణీ చూడలేదని.

డబ్ గ్రేవీ పోసుకున్న మెత్తటి బిస్కట్ రొట్టె తినడం ఆపేశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. చిన్నప్పట్నుంచీ తెలిసిన స్నేహితుడు, ఇక జన్మలో నా మొహం చూడడేమోనని భయమేసింది.

"అంటే ఏమీ చూడకుండానే రాశావన్నమాట" అన్నాడు మెల్లగా.

"ఏమీ చూడకుండానే."

"ఒక్కణ్ణి కూడా?"

"ఒక్కణ్ణి కూడా."

పెద్దగా నిట్టూర్చాడు. బిస్కట్ మీద ఇంకాస్త గ్రేవీ పోసుకున్నాడు. కుర్చీ ముందుకి జరిపి, గొంతు తగ్గించి అడిగాడు: "సరేగానీ, వచ్చే ఏడాది కుర్రాళ్లెలా ఉన్నారు?"

"బ్రహ్మాండం" అన్నాను. "పదేళ్లలో ఇలాంటి బ్యాచ్ రాలేదు."

ఒక్కడి పేరైనా తెలిస్తే ఒట్టు!