మంగళవారం పట్నం

వసంతమ్మ టీచర్ ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పింది. ఆ ముప్పై రెండేళ్లూ పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్ర పెన్నుతో ఒకటే మాట రాసింది: "వాక్యానికి ఒకే అర్థం ఉండాలి." రిటైరయ్యాక కూడా ఆ జబ్బు తగ్గలేదు. ఎవరైనా పెళ్లి పత్రిక ఇస్తే, అందులో తప్పులు దిద్ది, ఇచ్చినవాళ్ల చేతిలోనే పెట్టేది. అందుకని ఆవిణ్ణి పెళ్లిళ్లకు పిలవడం తగ్గింది గానీ ఆవిడ మారలేదు.

ఆ మంగళవారం ఉదయం ఏడింటికి ఆవిడ బోధన్‌లోని 'చిగురు' తాళం తీసింది. ఊడ్చింది, కడిగింది, నేల ఆరడానికి ఫ్యాను వేసింది. ప్లాను చాలా సాదాది. ఏడున్నరకు నర్సన్న, పిల్లలు తమ ఊరి నుంచి వచ్చి బస్సు దిగుతారు. పదకొండింటికల్లా పట్నం వేయడం పూర్తవుతుంది. పదకొండింటికే నిరోష మేడం వస్తుంది, చూస్తుంది, సంతకం పెడుతుంది. మధ్యలో టీ.

చిగురు అంటే పాత బడిలో మిగిలిన ఒకే ఒక పెద్ద గది. సాయంత్రాలు అందులో నలభై మంది పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు ఉచితంగా చెబుతారు. ఆదివారం, బుధవారం నర్సన్న పట్నాలు నేర్పుతాడు. నర్సన్న మల్లన్న దేవుడి కథ పాడే ఒగ్గు కళాకారుడు. ఆ కథ చెప్పేచోట నేల మీద రంగు పొడులతో వేసే పెద్ద ముగ్గునే పట్నం అంటారు. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఎండబెట్టి దంచిన ఆకుపొడి, అంతే సామాను. పసుపు మాత్రం మోర్తాడ్ నుంచి రావాల్సిందే, వేరేది ఆయన ముట్టడు.

చిక్కు కూడా ఆయనతోనే వచ్చింది. పోయిన నెల జిల్లా ఆఫీసు నుంచి నిరోష మేడం తనిఖీకి వచ్చి, గంటసేపు చూసి, ఫైల్లో ఇలా రాసుకుంది: "పట్నం మొత్తం వృద్ధ కళాకారుడే వేశారు. పిల్లలు గిన్నెలు పట్టుకున్నారు. గదిని గోదాముగా వాడుకోవచ్చు." ఇందులో ఒక్క అబద్ధం లేదు. పిల్లల చేతిలో గీత కాస్త వంకర పోయిందంటే నర్సన్న తట్టుకోలేడు, గిన్నె లాక్కుని తానే వేస్తాడు. వసంతమ్మ బతిమాలి మరో అవకాశం అడిగింది. ఆ అవకాశమే ఈ మంగళవారం. ఈరోజు కూడా పిల్లలు గిన్నెలే పట్టుకుంటే గదిలోకి వడ్ల బస్తాలు వస్తాయి, నలభై మందీ బయటికి పోతారు. నాలుగు రోజులుగా ఆవిడకు అన్నం సహించడం లేదు.

ఏడున్నరయింది. ఎనిమిదయింది. టీ ఫ్లాస్కు తప్ప గదిలో ఎవరూ లేరు. ఎనిమిదిన్నరకు ఆగలేక నర్సన్నకు ఫోను చేసింది. ఆయన భార్య లింగవ్వ ఎత్తింది.

"నర్సన్న ఏడి లింగవ్వా? ఇంక రాకపాయె?"

"ఏడికొస్తడు టీచరమ్మా? ఫోను ఇంట్లనే మర్షి పట్నం పొయ్యిండు గదా."

"గదే, పట్నం ఎయ్యనీకి ఈడికే గదా రావాలె?"

"ఎయ్యనీకి గాదమ్మా, పట్నమే పొయ్యిండు. హైదరాబాదు. పదకొండు మంది పిల్లల్ని ఎంటేస్కొని ఏడింటి బస్సుకే పొయ్యిండు. నెత్తికి కొత్త రుమాలు గూడ సుట్టిండు. నువ్వే చెప్పినవన్నడు!"

వసంతమ్మ బల్ల మీద కూలబడింది. పట్నమంటే ముగ్గు, నిజమే. కానీ ఈ వైపు ఏ ఊళ్లో ఎవరిని అడిగినా, పట్నమంటే హైదరాబాదు కూడా. నిన్న తాను నర్సన్నకు పంపిన వాయిస్ మెసేజ్ మళ్లీ విన్నది. "నర్సన్నా, రేపు మంగళారం పట్నం ఉన్నది. పిల్లలందర్ని తీస్కొని, రంగులు పట్కొని, ఏడింటికే బస్సెక్కుండ్రి. లేటైతే ఇజ్జత్ పోతది." ప్రతి మాటా రెండు అర్థాలకూ అతికినట్టు సరిపోయింది.

"పట్నం ఏసుడని ఎందుకనుకోలే లింగవ్వా?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

"మల్లన్న పట్నం మంగళారం ఎవలన్న ఏస్తరా అమ్మా? అయితారం, బుధారమే గదా. మంగళారం పట్నమంటే పోవుడే!"

ఆ తర్కంలో ఎర్ర పెన్ను పెట్టడానికి ఎక్కడా సందు లేదు.

పిల్లల్లో పెద్దది సుష్మ, పదో తరగతి. వాళ్లమ్మ ఫోను దాని దగ్గర ఉంది. వసంతమ్మ ఆ నంబరు కొట్టింది. అవతల బస్సు మోత.

"టీచర్, డిచ్‌పల్లి వస్తుంది. కండక్టర్ ఆధార్ కార్డులు అడుగుతుండు."

"దిగుండ్రి! అందరు దిగుండ్రి!"

"ఏడ దిగాలె టీచర్?"

"ఏడుంటే గాడ!"

పిల్లలు దిగిన శబ్దం, బస్సు పోయిన శబ్దం విని గోడ గడియారం చూసింది. వెనక్కి బోధన్ రావడానికి గంటన్నర. పట్నం వేయడానికి ఇంకో రెండు గంటలు. మేడంను ఎలాగైనా ఆపాలి. వెంటనే ఆఫీసుకు ఫోను చేసింది. అటెండరు దేవిదాస్ ఎత్తాడు.

"దేవిదాస్, మేడంకు జర చెప్పు. పట్నం లేటైతది. ఒంటిగంటకు గానీ కాదు."

ఒక్కసారి కాలు జారిన గోతిలోనే రెండోసారి దిగుతున్నానని ఆవిడకు తట్టలేదు. దేవిదాస్ అత్తగారిల్లు హైదరాబాదు. అతనికి పట్నమంటే నెలకు రెండుసార్లు పోవాల్సిన ఊరు. నేరుగా మేడం గదిలోకి వెళ్లి చెప్పాడు. "మేడం, చిగురోల్లు పట్నంల ఉన్నరట. ఒంటిగంటకు గానీ రారట."

పది నిమిషాలకు అతనే తిరిగి ఫోను చేశాడు. గొంతు తగ్గించాడు.

"టీచర్, మేడం మీ దిక్కు వస్తలేరు. పదిన్నరకు బయలెల్లి డిచ్‌పల్లి అవతల ఒక బడి చూడనీకి పోతున్నరు. మీ ఫైలు మీద సాయంత్రం సంతకమట. గోదాముకే."

"అరే, ఎందుకు?"

"నేనొస్తనని తెల్సి కూడా పట్నం పోతరా అని శాన గరమైండ్రు."

వసంతమ్మ దిద్దబోయేలోపే అతను ఫోను పెట్టేశాడు. గది పోయినట్టే. అదీ మరెవరి వల్లో కాదు, తన నోటి వల్ల. ముప్పై రెండేళ్లు ఎంతమంది పిల్లల చేత ఈ తప్పుకే గోడకుర్చీ వేయించింది! వాళ్లంతా వరుసగా కళ్లముందు నిలబడ్డారు. ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి టైము లేదు. డిచ్‌పల్లి అన్న మాట దగ్గర ఆవిడ ఆగింది. మేడం పోయేది డిచ్‌పల్లి మీదుగా. పిల్లలున్నది డిచ్‌పల్లిలో. రంగులు వాళ్ల దగ్గరే ఉన్నాయి.

సుష్మకు ఫోను చేసి, నర్సన్నకు ఇవ్వమంది.

"నర్సన్నా, మీరు ఆడనే ఎయ్యుండ్రి. రోడ్డు పక్కన జాగ సూసి ఎయ్యుండ్రి. పదకొండింటికి మేడం ఆడికెల్లే వస్తది."

"ఏంది ఎయ్యాలె?"

"పట్నం!" అని అరిచి, వెంటనే "ముగ్గు పట్నం! హైదరాబాదు గాదు!" అని దిద్దుకుంది.

"టీచరమ్మా, ఇయ్యాల మంగళారం. మల్లన్నకు మొక్కిన చేతులు. నేనెయ్య."

"గది పోతది నర్సన్నా. పిల్లలు రోడ్డు మీద పడ్తరు."

ఆయన మెల్లగా అన్నాడు. "నేను ముట్ట. పిల్లలెయ్యనీ. నేనేస్తే పట్నం, పిల్లలేస్తే ముగ్గు. ముగ్గుకు వారం లేదు."

హమ్మయ్య అనుకుని ఆవిడ ఫోను పెట్టేసరికి గేటు ముందు ఒక ట్రాలీ ఆటో కీచుమని ఆగింది. దానిలోంచి ఆరుగురు తండ్రులు దూకారు. ముందున్నవాడు పోశన్న, సుష్మ తండ్రి. తెల్లవారుజామున పొలానికి నీళ్లు పెట్టడానికి పోయి, ఇంటికొచ్చేసరికి ఊరంతా ఒకటే మాట విన్నాడు. లింగవ్వ "పిల్లలు పట్నం పొయ్యిండ్రు" అంది. ఆ మాట బోరింగు దగ్గరికి చేరేసరికి "టీచరమ్మ గూడ ఎంబడి లేదట" అయింది. బస్టాపు దాటేసరికి "ఎవరో తీస్కపొయ్యిండ్రట" అయింది.

"మా బిడ్డ ఏది?" అన్నాడు పోశన్న. అరవలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"డిచ్‌పల్లిల ఉన్నది పోశన్నా."

"పట్నమన్నరు?"

"పట్నమే. గానీ డిచ్‌పల్లిల."

తండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "డిచ్‌పల్లి పట్నం ఎప్పుడైంది?" అన్నాడొకాయన. పోశన్న ఓ అడుగు ముందుకేశాడు. ఇక మాట్లాడితే మూడో తప్పు దొర్లుతుందని వసంతమ్మకు అర్థమైంది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తానే ట్రాలీ ఎక్కి కూర్చుంది. "పాండ్రి. తొవ్వల చెప్త."

నిజామాబాదు దాకా ఆవిడ పట్నం శబ్దానికి ఉన్న రెండు అర్థాలు వివరించింది. నిజామాబాదు దాటాక మళ్లీ మొదటినుంచి వివరించింది. ఎవరూ నవ్వలేదు. "గింత సదువుకున్నోల్లు గిట్ల మాట్లాడితే ఎట్లమ్మా?" అన్నాడొకాయన. పోశన్న మాత్రం రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు, పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. ట్రాలీ ప్రతి గుంతలో ఎగిరినప్పుడల్లా వసంతమ్మ టైము చూసింది. పదిన్నర. పది నలభై.

డిచ్‌పల్లిలో బస్సులాగే చోట జనం మూగి ఉన్నారు. పోశన్న "సుష్మా!" అని కేకేశాడు. డ్రైవరు బండిని ఉన్నపళంగా, రోడ్డుకు అడ్డంగా ఆపేశాడు. ఆరుగురూ దూకి, జనాన్ని నెట్టుకుంటూ పరుగెత్తారు.

"బాపూ, ఆగు! తొక్కకు!"

పోశన్న కాలు గాల్లోనే ఆగింది. ఆయన బొటనవేలికి జానెడు దూరంలో తెల్లటి అంచు. పట్నానికి ఇవతల ఐదుగురు, అవతల ఐదుగురు పిల్లలు వంగి పని చేస్తున్నారు. నడుమ సుష్మ, మోచేతుల దాకా పసుపుతో, పిడికిట్లోంచి సన్నటి గీత జారవిడుస్తోంది. ఎంత కోపమున్నా పట్నం తొక్కే మనిషి కాదు పోశన్న. అక్కడే నిలబడిపోయాడు. వెనకనున్న ఐదుగురూ వచ్చి ఆయన్ని గుద్దుకుని ఆగారు.

ఈలోగా ట్రాలీ వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక తెల్ల కారు అదేపనిగా మోగించి, చివరికి తలుపు తెరిచింది. నిరోష మేడం దిగింది.

"ఎవరిదీ బండి? రోడ్డు మీ సొంతమా?" అంటూ జనంలోకి వచ్చి, ఠక్కున ఆగింది. ఆవిడకు ముందు కనిపించింది పట్నం కాదు. కోపంగా నిలబడ్డ ఆరుగురు మగవాళ్లు, వాళ్లకెదురుగా రెండు చేతులూ వెనక్కి విరిచి కట్టేసి ఉన్న ఒక ముసలాయన.

"ఈయనను ఎవరు కట్టేసిండ్రు?" అని గద్దించింది. ఆరుగురూ రెండడుగులు వెనక్కి వేశారు.

"నేనే కట్టిచ్చుకున్న మేడం," అన్నాడు నర్సన్న. కట్టింది ఆయన కొత్త రుమాలుతోనే. "విప్పితే గిన్నె గుంజుకుంట. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు."

మేడం అప్పుడు నేలకేసి చూసింది. తర్వాత పిల్లలకేసి, ఆ తర్వాత చెమటలు కక్కుతున్న వసంతమ్మకేసి.

"మీరు పట్నం పోయిండ్రని చెప్పిండ్రు?"

"పోతుంటిమి మేడం," అన్నాడు నర్సన్న. "మధ్యల దించిండ్రు."

"మరి ఇదేంది?"

"పట్నం, మేడం," అంది సుష్మ.

"గాదు మేడం, ముగ్గు. ఇయ్యాల మంగళారం," అన్నాడు నర్సన్న.

మేడం నుదురు రుద్దుకుంది. "వసంతమ్మగారూ, మీరు తెలుగు టీచరు. ఒక్క ముక్కలో చెప్పండి. ఇది పట్నమా, కాదా?"

పట్నమంటే నర్సన్న నియమం పోతుంది. కాదంటే గది పోతుంది. వసంతమ్మ వాక్యం కోసం వెతికింది. దొరికింది.

"పిల్లలేసిండ్రు, మేడం."

దానికి ఒకే అర్థం ఉంది.

నిరోష మేడం చెప్పులు విడిచి, అంచు వెంబడి మెల్లగా చుట్టూ తిరిగింది. ఒక మూల ఆకుపచ్చ గీత దగ్గర ఆగింది. అది బాగానే పోయి పోయి, చివర్న ఎందుకో పక్కకు ఒరిగింది. నర్సన్న కళ్లు కూడా చాలాసేపటి నుంచి దాని మీదే ఉన్నాయి. వెనక ఆయన చేతులు రుమాల్లో గింజుకుంటున్నాయి.

"ఇది వంకర పోయింది కదా?"

"పొయ్యింది మేడం," అన్నాడాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అప్పటిసంది సూస్తున్న."

"పోయినసారి ఒక్క గీత కూడా వంకర లేదు," అంది మేడం. "అందుకే గోదాముకు రాసిన."

కారులోంచి ఫైలు తెప్పించి, బానెట్ మీద పెట్టి, పాత రాత కొట్టేసింది. గది చిగురుకే ఉంచమని రాసి సంతకం పెట్టింది. వసంతమ్మ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, నాలుగు రోజుల ఏడుపు అప్పుడు ఏడ్చింది. పోశన్న ఇంకా అంచు దగ్గరే నిలబడి ఉన్నాడు. "నడుమది మా బిడ్డ ఏసింది," అని పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషికి చెబుతున్నాడు. సుష్మ వచ్చి నర్సన్న చేతుల ముడి విప్పింది. ఆయన చేతులు విదిలించుకున్నాడు, ఆకుపచ్చ గీత వైపు ఒక్కసారి చూశాడు, రుమాలు తలకు చుట్టుకున్నాడు.

వారానికి ఆర్డరు కాగితం వచ్చింది. కింద ఇంకో వాక్యం ఉంది: "పిల్లల బృందం వచ్చే నెల ఏడవ తేదీన పట్నం కొరకు సిద్ధంగా ఉండవలెను." వసంతమ్మ ఎర్ర పెన్ను తీసి, 'పట్నం' చుట్టూ సున్న చుట్టి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, కాగితాన్ని ఆఫీసుకే తిప్పి పంపింది.

నర్సన్న మాత్రం ఏడో తారీఖు ఏ వారమని అడిగి, మంగళవారమని తెలుసుకుని, పదకొండు మందికి దారిలోకి సద్ది కట్టమని లింగవ్వకు చెప్పాడు.