జూలై ఒకటి

ఆ బుధవారం ఉదయం సీతారామలక్ష్మి వేసుకున్న ప్రణాళిక చిన్నదే. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టడం, ఆవిరి వచ్చేలోగా లాప్‌టాప్‌లో రెండు మీటలు నొక్కడం, సాయంత్రం నాలుగింటికల్లా రామచంద్రపురం మహిళా సమాజాన్ని కాపాడుకోవడం.

సమాజానికి ఆపద అప్పాజీ మాస్టారి రూపంలో వచ్చింది. ఊళ్లో సగం మంది ఆడవాళ్లకి అక్షరాలు దిద్దించిన ఆ రిటైర్డు హెడ్మాస్టరు, తన మేడ మీద గదిని అద్దె లేకుండా సమాజానికి ఇచ్చారు. అయితే రెండేళ్లుగా సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సీతారామలక్ష్మి, ఒక ఫ్యాను తప్ప ఎవరూ హాజరు కావడం లేదు. “ఈసారి సగం మందికి తగ్గితే గదికి తాళమేసేస్తానమ్మా. ట్యూషన్ల వాళ్లు అడుగుతున్నారు” అని మాస్టారు తేల్చి చెప్పేశారు. సమావేశం ఇవాళే. గోడకి అంటించిన నోటీసును ఈసారి కూడా బల్లి ఒక్కటే శ్రద్ధగా చూసింది.

అందుకే ఆమె యంత్రాన్ని నమ్ముకుంది. సభ్యుల పేర్లు, ఫోన్లు, పుట్టిన తేదీలు ఒక సభ్యత్వ యాప్‌లో ఉన్నాయి. ఆ వివరాలు బయటికి రావడానికి ఏపీఐ అనే దొడ్డిగుమ్మం ఉంటుందని, కోడు రాయడం రానివాళ్లు కూడా దాన్ని ఒక ఆటోమేషన్ టూల్‌కి కలుపుకోవచ్చని వీడియోలు చూసి నేర్చుకుంది. తెర మీద పెట్టెలు పేర్చి గీతలు కలపడమే. పాలు పొంగితే మంట తగ్గించు అన్నట్టు, ఇది జరిగితే అది చెయ్యి అని చెబితే చాలు. గుమ్మం తెరవడానికి అక్షరాలూ అంకెలూ కలిపి జానెడు పొడుగున్న ‘కీ’ ఒకటి కొట్టాలి. వారం రోజులు అది “అనుమతి లేదు” అని మొరాయించింది. ఆమె కూడా మొరాయించింది. చివరికి కీ చివర అంటుకున్న ఒక ఖాళీ జాగాని పీకి పారేశాక దారికొచ్చింది.

“ఆ నోటీసేదో ఫోన్ చేసి చెప్పెయ్యరాదూ?” అన్నాడు భర్త వేంకటరమణ, పేపరు వెనక నుంచి.

“రెండేళ్లు చేశానండీ. అందరూ ‘వస్తాం వదినా’ అన్నారు. ముందు ఒకరింటికొకరు వెళ్లడం అలవాటైతే, సమావేశానికి వాళ్లే వస్తారు.”

ఆమె ఎత్తు అదీ. రోజూ ఎవరి పుట్టినరోజైతే వారి పేరు సభ్యులందరికీ వెళ్లాలి. “స్వయంగా ఇంటికెళ్లి శుభాకాంక్షలు చెప్పండి” అని మెసేజి. దాంతోపాటు మిఠాయి కొట్టు చినబాబుకి ఆర్డరు, ఆ ఇంటికి కాజాల పెట్టె ఒకటి. తెర మీద వీటి పక్కనే సమావేశం నోటీసు పంపే ఇంకో పెట్టె, దానికి వేరే మీట. తన పేరుతో ఒకసారి పరీక్షిస్తే పచ్చటి టిక్కు వచ్చింది. తను కాకినాడ ఆసుపత్రిలో పుట్టింది, తేదీ ఖాయం. ఊళ్లో అందరికీ తేదీలు అలాగే ఖాయమయ్యుంటాయని అనుకోవడమే ఆమె చేసిన పొరపాటు.

మొదటి మీట నొక్కింది. ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. ఆ తరవాత కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట.

“ఏంటే అది, పొయ్యి కట్టెయ్!” అన్నాడు వేంకటరమణ.

“పొయ్యి కాదండీ, పుట్టినరోజులు.”

తెర తిప్పి చూసింది. సభ్యుల్లో ముప్పాతిక మంది జూలై ఒకటిన పుట్టారు. ఇవాళ జూలై ఒకటి. యంత్రం ప్రతి ఒక్కరి పేరూ మిగతా అందరికీ పంపేసింది. ఆమె గబగబా మీట ఆపింది గానీ, అప్పటికే ఊరు బయల్దేరింది. పెద్దాళ్లు పూలు పట్టుకుని, కుర్రకోడళ్లు చీరలు మార్చుకుని, ఎవరింటికి వాళ్లు తాళాలేసి, పక్కవాళ్ల పుట్టినరోజుకి వెళ్లారు. పక్కవాళ్లూ అదే పని చేశారు.

పదింటికి మహాలక్ష్మమ్మ ఫోను. “ఏంటమ్మా ఇది? ఆ నూకరత్నానికి నాలుగు మంచి మాటలు చెబుదామని మోకాళ్ల నొప్పులతో వెళితే, నేనొస్తానని తెలిసే తాళమేసుకుపోయింది!”

అది పెట్టేలోగా చేపల వ్యాపారం చేసే నూకరత్నం. “సెక్రటరీ గారూ, బేరం ఆపుకుని, ఎండలో పడి మహాలక్ష్మమ్మ గారింటికి వెళ్లానండీ. గుమ్మం మీద తాళం! వాసనొస్తానని భయమేమోనండీ ఆవిడకి!”

“అది కాదండీ, అసలు ఏం జరిగిందంటే...”

“ఏం జరిగిందో నాకు తెలుసండీ!”

కొందరు ఫారంలో భర్తల నెంబర్లు ఇచ్చారు. వాళ్లదింకో గోల. “ఇవాళ ఎవరో పూలు పట్టుకొచ్చేదాకా, మా ఆవిడ పుట్టినరోజని ముప్పై ఏళ్లలో నాకెవరూ చెప్పలేదండీ. ఇప్పుడు నేనేం చెయ్యాలి?” అని ఒకాయన గొంతు తగ్గించి అడిగాడు.

మూడో తగవు వచ్చేసరికి సీతారామలక్ష్మి సంజాయిషీ మానేసింది. ఇడ్లీలు గట్టిపడ్డాయి, ఆమె కూడా గట్టిపడింది.

“అవునండీ, చాలా అన్యాయం. నాలుగింటికి సమాజం గదికి రండి. అందరి ముందూ తేల్చుకుందాం” అంది. ఆ తరవాత ఎవరు ఫోను చేసినా అదే మాట. ‘ఆవిడ కూడా వస్తోంది’ అని మాత్రం కలిపింది.

నాలుగింటికి అప్పాజీ మాస్టారు కొత్త తాళంకప్ప చేత్తో పట్టుకుని మేడెక్కబోతే, చెప్పులు విడవడానికి మెట్ల మీద చోటు దొరకలేదు. లోపల కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడి మరీ పోట్లాడుకుంటున్నారు.

“నా పుట్టినరోజేంటి, జూలైలో? మా అమ్మ నన్ను కోతలప్పుడు కంది!” అంది మహాలక్ష్మమ్మ.

“నేనైతే గోదారి వరదల్లో పుట్టానండీ. పడవలోనే పుట్టేశానంట” అంది నూకరత్నం.

“మరి ఈ జూలై ఒకటి ఎవరేశారు?” అని ఎవరో అడిగారు.

ఒక్కొక్క తలే, గుమ్మం దాకా వచ్చి నిలబడ్డ మాస్టారి వైపు తిరిగింది.

మాస్టారు తాళంకప్పని ఉత్తరీయం కింద దాచుకున్నారు. “బడిలో వెయ్యాలంటే తేదీ కావాలి కదమ్మా. మీ నాన్నల్ని అడిగితే ‘మీకు తోచింది వేసెయ్యండి మాస్టారూ’ అన్నారు.”

“అందరికీ ఒకటే తోచిందా అండీ?” అంది నూకరత్నం.

“అందరిదీ ఒకటే అయితే గుర్తుంటుందని...”

“అయితే మాకు పుట్టినరోజులు పెట్టింది మీరేనన్నమాట. ఆ రోజునే వచ్చి మా గదికి తాళమేస్తారా అండీ?”

సరిగ్గా అప్పుడే చినబాబు ట్రాలీ ఆటో కింద ఆగింది. “ఏ ఇంటికెళ్లినా తాళమేనండీ, ఎవరూ లేరు. పెట్టెలన్నీ ఎక్కడ దింపమంటారు?” అని అరిచాడు. మొదటి కాజా మాస్టారి నోట్లో పెట్టింది మహాలక్ష్మమ్మ. రెండోది ఆవిడ నోట్లో నూకరత్నం పెట్టింది. నోరు నిండాక పోట్లాట సాగదు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని తలలు లెక్కపెట్టి, సగం ఎప్పుడో దాటిపోయిందని గ్రహించి, గది సమాజానిదేనని తీర్మానం కింద సంతకం పెట్టారు. తాళంకప్పని మర్చిపోయినట్టు కిటికీలో వదిలేశారు.

ఆ సాయంత్రం వేంకటరమణ పొద్దుటి ఇడ్లీల ఉప్మా తింటూ మెచ్చుకున్నాడు. “మొత్తానికి నీ మీటింగు నోటీసు బ్రహ్మాండంగా పనిచేసిందే!”

సీతారామలక్ష్మి లాప్‌టాప్ తెరిచింది. పుట్టినరోజుల గొడవలో రెండో మీట నొక్కడమే మరిచిపోయింది. సమావేశం నోటీసు ఎవరికీ వెళ్లలేదు.